రెండు దిక్కులా సముద్రం, మధ్యన మనం



మాస్టారి స్మృతిలో మాట్లాడమని నన్ను పిలిచారు. ఆయన పేరు బ్యానరు మీద ఉంది, మీకందరికీ తెలుసు. బతికున్నన్నాళ్లూ ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు కాబట్టి నేనూ మాస్టారనే అంటాను. మునిసిపల్ తెలుగు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఆయన సాయంత్రాలన్నీ చాల్ వరండాలోనే గడిచాయి. రిపేర్ బోర్డు నోటీసు గానీ, కరెంటు కాగితం గానీ, కోర్టు సమన్లు గానీ ఎవరు తెచ్చినా చదివి, అర్థం చెప్పి, జవాబు రాసి, సంతకం పెట్టించి, నకలు జాగ్రత్త చేసుకోమని పంపేవారు. స్మారకోపన్యాసంలో పోయినవారి గుణగణాలు ఏకరువు పెట్టడం మామూలే. ఆయన ఉంటే దానికి విసుక్కునేవారు. ఆయన పట్టించుకున్న పని గురించే మాట్లాడతాను. నగరం కాగితం మీద గీతలు గీస్తుంది. ఆ గీతలు ఎవరు గీస్తారు, ఎవరిని అడిగి గీస్తారు, వాటిలో మనకు నీటి ఒడ్డు దక్కుతుందా లేదా, ఇదే ఇవాళ్టి విషయం.

నాగ్‌పాడా చౌరస్తా నుంచి పడమటికి వెళ్తే హాజీ అలీ, తూర్పుకు వెళ్తే మజ్‌గావ్ రేవు. కొలిస్తే రెండూ మూడు కిలోమీటర్ల లోపే. అయినా ఇక్కడి పిల్లవాణ్ణి సముద్రం ఎక్కడుందని అడిగితే చౌపాటీ అంటాడు. అదీ గణపతిని సాగనంపిన రోజు పెద్దల భుజాల మీంచి చూసిందే. పడమటి సముద్రానికీ మనకూ మధ్య రైలు పట్టాలు, రేస్‌కోర్సు, ఇప్పుడు ఎనిమిది వరుసల కార్ల రోడ్డు. తూర్పు సముద్రానికీ మనకూ మధ్య పోర్టు గోడ. బతుకమ్మ పండగనాడు ఈ సంగతి మన ఆడవాళ్లకు బాగా తెలిసొస్తుంది. ఊళ్లో ఆట ముగిశాక నాలుగడుగులేస్తే చెరువు. ఇక్కడ ఆట గల్లీలో, నీళ్లు ఎక్కడో. మధ్యలో టెంపో, ట్రాఫిక్, పోలీసు విజిల్.

నా వాదన ముందే చెప్పేస్తాను, తర్వాత వెతుక్కునే పని ఉండదు. ఇంట్లో చోటు లేనివారికి నీటి ఒడ్డు మీద మొదటి హక్కు ఉండాలి. ఆ హక్కు ఎవరో దయ తలచి తోట వేస్తే నిలిచేది కాదు. గీత గీయకముందు అడిగితేనే నిలుస్తుంది. అంతా గీసేసి, అచ్చు వేసేసి, అభ్యంతరాలుంటే నెలరోజుల్లో చెప్పుకోండి అనడాన్ని అడగడం అనలేం.

ఈ మాట అనడానికి మనకేం అధికారం అంటారా? కాస్త వెనక్కి వెళ్దాం. 18వ శతాబ్దంలో ముంబయి విడివిడి దీవులు. మహాలక్ష్మికీ వర్లీకీ మధ్యనున్న గండిలోంచి పోటు వేళ సముద్రం లోపలికి వచ్చి, ఇప్పుడు మనం కూర్చున్న ఈ పల్లమంతా ముంచేది. గవర్నర్ విలియం హార్న్‌బీ ఆ గండికి కట్ట వేయించాడు. లండన్‌లోని కంపెనీ పెద్దలకు ఖర్చు ఇష్టం లేకపోయినా పని ఆపలేదంటారు. 1784 నాటికి కట్ట నిలబడింది. నీళ్లు తగ్గాక బయటపడ్డ బురద నేలను దశాబ్దాల పాటు మట్టితో, ఊరి చెత్తతో మెత్తుతూ వచ్చారు. ఆ నేల మీద గుడిసెలు వేసుకున్నది నిజాం రాజ్యం నుంచి పనికోసం వచ్చిన మనవాళ్లు. రాయి కొట్టారు, సున్నం కలిపారు, గోడ లేపారు. వాళ్లను కామాఠీలన్నారు, వాళ్లున్న చోటు కామాఠీపురా అయింది. నగరానికి పనికిరాని నేల కాబట్టే అప్పుడు మనకు దక్కింది. ఇప్పుడది ముంబయి సెంట్రల్ స్టేషన్ పక్కన బంగారం లాంటి నేల. పేచీ అంతా అక్కడే ఉంది.

ఆ కూలీల బిడారుల్లోంచే కాంట్రాక్టర్లు లేచారు. బోరీబందర్ ఎదురుగా ఉన్న మునిసిపల్ కార్పొరేషన్ ప్రధాన భవనం నమూనా ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్‌ది. కట్టిన కాంట్రాక్టరు వ్యాంకు బాలాజీ కాలేవార్, మన తెలుగువాడు. 1893 జూలైలో పని ముగిసింది. అయిన ఖర్చు 11,19,969 రూపాయలు, మంజూరైన సొమ్ములో 68,113 రూపాయలు మిగిలాయి. ఈ రోజుల్లో మునిసిపల్ పని అంచనా కంటే తక్కువలో పూర్తయితే ఏదో తప్పు జరిగిందని విచారణ వేస్తారేమో! నవ్వులాటకు అన్నా, అసలు సంగతి ఇది: నగర ప్రణాళికకు ఆమోదముద్ర పడే ఆ సభామందిరం గోడలు మనవాళ్లు లేపినవి. ఆ గోడల మధ్య జరిగే మాటల్లో మన వంతు ఎంత?

కాలేవార్ కట్టడాలతో ఆగినవాడు కాదు. ఆయన, రామయ్య వ్యంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగూ వంటి ముంబయి తెలుగువారు జోతిరావు ఫూలే వెంట నిలబడి, సత్యశోధక్ సమాజానికి ఈ నగరంలో అండ అయ్యారు. 1888 మే 11న ఫూలేను మహాత్ముడని జనం పిలిచిన సభ జరిగింది మాండ్వీ కోలీవాడలో. రేవు పక్కన, చేపలు పట్టుకునే కోలీల పేటలో. ఆనాడు నీటి ఒడ్డున శ్రమజీవులకు ఇళ్లున్నాయి, సభ పెట్టుకునే చావడి ఉంది. నగరానికి ఒక పెద్ద మాట చెప్పాలంటే అక్కడికే వెళ్లారు.

ఎనిమిదేళ్లకు ప్లేగు వచ్చింది. 1898లో బొంబాయి సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పుట్టింది. ఇరుకు పేటలు కూల్చి గాలీ వెలుతురూ తెస్తామని అది తలపెట్టిన తొలి పథకాల్లో నాగ్‌పాడా ఒకటి, మాండ్వీ కోలీవాడ మరొకటి. ఇళ్లు పోయినవాళ్లలో చాలామంది పక్క గల్లీలకు వెళ్లి మరింత ఇరుగ్గా సర్దుకున్నారు. అంటే రోగాన్ని ఒక వీధి నుంచి ఇంకో వీధికి తరలించారు. మనల్ని అడగకుండా మనకోసం ప్రణాళిక వేయడంలో ఈ నగరానికున్న అనుభవం మన గడప నుంచే మొదలైంది.

అదే రోజుల్లో మన మధ్యనున్న నీళ్లూ పోయాయి. ఈ చుట్టుపక్కల మస్తాన్ తలావ్, నవాబ్ తలావ్, ఖారా తలావ్ ఉండేవి. కాస్త దూరంలో ధోబీ తలావ్, గోవాలియా ట్యాంక్. 1860లో విహార్ చెరువు నుంచి గొట్టాల నీళ్లు వచ్చాక ఈ తలావులు చిన్నచూపుకు లోనయ్యాయి. 1911లో డాక్టర్ బెంట్లీ మలేరియా మీద నివేదిక ఇస్తూ దోమల పుట్టిల్లు ఊళ్లోని బావులూ చెరువులేనన్నాడు. కొన్ని అప్పటికే పూడిపోయాయి, మిగిలినవాటికి ఆ తర్వాత రోజులు దగ్గరపడ్డాయి. దోమల మాట నిజమే, మలేరియా వేలమందిని మింగింది. అయితే పూడ్చిన చోటు ఎవరికి దక్కింది? గోవాలియా ట్యాంక్ మైదానమై, 1942 ఆగస్టు 8న క్విట్ ఇండియా సభకు వేదికైంది. మస్తాన్ తలావ్ ఆటస్థలమైంది, నాగ్‌పాడా బాస్కెట్‌బాల్ అంటే దేశమంతా ఆటగాళ్లకు తెలుసు. ధోబీ తలావ్‌కు పేరు తప్ప మరేమీ మిగల్లేదు. జనం వాడుకలో ఉన్న జాగా జనం వాడుకలోనే ఉండటం అదృష్టం మీద ఆధారపడిందన్నమాట.

అప్పుడే ఇంకో రకంగా ఆలోచించినవాడూ ఈ నగరంలో ఉన్నాడు. ప్యాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లండ్ పెద్దమనిషి 1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర ఆచార్యుడిగా చేరాడు. పేటంతా కూల్చక్కర్లేదు, గల్లీ గల్లీ కాలినడకన తిరిగి చూడండి, అవసరమైన ఒకటి రెండు ఇళ్లు తీస్తే చాలు, గాలి ఆడుతుంది అనేవాడు. అంతకుముందు ఇందోర్‌లో ప్లేగు వేళ ఆయన చేసిన పని నాకు బాగా నచ్చుతుంది. దీపావళికి పెద్ద ఊరేగింపు తీయించి, ఏ వీధులు శుభ్రంగా ఉంటే ఆ వీధుల గుండానే అది వెళ్తుందని చాటించాడు. ఊరంతా చీపుళ్లు పట్టుకుంది. నోటీసుతో జరగని పని పండగతో జరిగింది.

మన నాగ్‌పాడాకు ఇంకో గొప్ప ఉంది, మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో. క్లిఫర్డ్ మాన్షార్ట్ అనే అమెరికన్ మిషనరీ 1927లో ఇక్కడ నాగ్‌పాడా నైబర్‌హుడ్ హౌస్ తెరిచాడు. 1936లో టాటా ట్రస్టు వారి సామాజిక సేవా పాఠశాల మొదలైంది ఈ పేటలోనే, మాన్షార్ట్ దానికి మొదటి డైరెక్టరు. ఇవాళ అందరూ టిస్ అని పిలిచే సంస్థ అదే. పేదల దగ్గరికి వెళ్లి వాళ్ల మాట వినడం కూడా నేర్చుకోవాల్సిన విద్యేనని ఈ దేశంలో మొదట ఒప్పుకున్న బడి నాగ్‌పాడాలో పుట్టింది. ఆ విద్య నాగ్‌పాడా ప్రణాళికలు గీసే కార్యాలయాలకు మాత్రం ఇంకా చేరలేదు.

ఇప్పుడు చట్టానికి వద్దాం. ఇది కాస్త పొడిగా ఉంటుంది, ఓపిక పట్టండి, మన ఇళ్లు ఇందులోనే ఉన్నాయి. మహారాష్ట్ర ప్రాంతీయ, పట్టణ ప్రణాళికా చట్టం 1966లో వచ్చింది. దాని ప్రకారం కార్పొరేషన్ ముందు నేల మీద ఇప్పుడు ఏముందో పటం వేయాలి. తర్వాత ముసాయిదా ప్రణాళిక గీసి ప్రచురించాలి. సూచనలు, అభ్యంతరాలు చెప్పడానికి జనానికి 30 రోజుల గడువు. వాటిని ఒక ప్రణాళికా సంఘం విని, మార్పులు చెప్పి, చివరికి రాష్ట్ర ప్రభుత్వం మంజూరు చేస్తుంది. చూశారా, జనం పేరు ఎక్కడ వచ్చిందో? పటం అయిపోయాక, ముసాయిదా అయిపోయాక. వంట ముగించి, విస్తరి వేసి, ఉప్పు చాలిందా అని అడిగినట్టు.

అయినా ఆ చిన్న కిటికీలోంచి కూడా జనం ఎంత పని చేయగలరో 2015లో తేలింది. 2034 దాకా నగరాన్ని నడిపించే ముసాయిదా ఆ ఫిబ్రవరిలో వెలువడింది. ఉన్న ఇళ్ల మీంచి రోడ్లు, ఉన్న కట్టడాలు పటంలో గల్లంతు, ఇలా తప్పుల తడక. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే హమారా షహర్ ముంబయి అభియాన్ పేరుతో కార్యకర్తలు బస్తీలు తిరిగి, ప్రణాళిక అంటే ఏమిటో విడమరిచి చెబుతూ, జనం చేత కోరికలు రాయిస్తూ వచ్చారు. ముసాయిదా రాగానే 60 వేలకు పైగా సూచనలు, అభ్యంతరాలు వచ్చి పడ్డాయి. ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి ఆ ముసాయిదానే పక్కన పెట్టించారు. 2016లో కొత్తది వచ్చింది, 2018 సెప్టెంబరు 1 నుంచి అమలు. సామాన్యులు రాస్తే ఏమవుతుంది అనేవాళ్లకు నేను ఈ ఏడాదినే చూపిస్తాను. మొత్తం నగరం ప్రణాళిక చిత్తు కాగితమైంది, రాసినవాళ్ల వల్ల.

ఆ ప్రణాళిక కోసం వేసిన పటం లెక్కలో ముంబయిలో తలకు దక్కే ఖాళీ స్థలం 1.24 చదరపు మీటర్లు. ఇది సగటు. మలబార్ హిల్ తోటలూ, పెద్ద క్లబ్బుల పచ్చికలూ కలిపిన సగటు. మన వాటా మీరే ఊహించుకోండి.

కార్పొరేషన్ మన పిల్లలకు ఎనిమిది భాషల్లో బడులు నడుపుతుంది. తెలుగు వాటిలో ఒకటి. నాలుగో తరగతి లెక్కలు తెలుగులో చెప్పగలిగిన సంస్థ, ఆ పిల్లవాడి ఇంటి మీద పడే గీత గురించి తెలుగులో ఒక్క పేజీ వేయలేదా? మరాఠీ ఈ నేల భాష, దానికి మొదటి పీట. ఆ మాటలో నాకు పేచీ లేదు. గుజరాతీ, ఉర్దూ, కన్నడం, తమిళం, తెలుగు మాట్లాడే పేటల్లో ఆ పేట పటం వరకు ఆయా భాషల్లో అంటించమని అడుగుతున్నాను. ఖర్చు ఎంతవుతుంది? ఒక కూడలిలో నాయకుల పుట్టినరోజు బ్యానర్లకయ్యే ఖర్చు.

ఇంకో మాట. 2022 మార్చి 7న కార్పొరేషన్ పాలకమండలి గడువు ముగిసింది. ఆ తర్వాత మూడేళ్లకు పైగా ఎన్నికైన కార్పొరేటర్ అనేవాడు లేకుండా అధికారులే నగరాన్ని నడిపారు. నల్లా రాకపోతే ఎవరింటికి వెళ్లి అరవాలో తెలియని ఆ కాలంలోనే ఒడ్డు మీద పెద్ద పెద్ద నిర్ణయాలు జరిగాయి.

ఒడ్డు మీద అన్నిటికంటే పెద్ద పని, అంతకుముందే మొదలైన పడమటి తీరం రోడ్డు. 10.58 కిలోమీటర్లు, దాదాపు 14 వేల కోట్ల రూపాయలు. 2018లో పని మొదలైంది. 2019 జూలైలో బొంబాయి హైకోర్టు తీర ప్రాంత అనుమతి కొట్టేసింది. డిసెంబరులో సుప్రీంకోర్టు పని సాగించుకోనిచ్చింది. సముద్రాన్ని పూడ్చి తీసిన నేల సుమారు 111 హెక్టార్లు. 2024 మార్చిలో మొదటి భాగం తెరిచారు. దాని మీద కార్లకు దారుంది. మన కుర్రాళ్ల మోటార్ సైకిళ్లకు, ఆటోలకు లేదు. రోడ్డు వెంట నడిచే బాట 2025 ఆగస్టులో తెరిచారు. మంచి బాట, నేను నడిచాను, గాలి బాగుంది, బ్రీచ్ క్యాండీ వైపు నుంచి కుక్కల్ని తిప్పుకునేవాళ్లు ఎక్కువ కనిపించారు. దాన్ని నిందించను. ఒడ్డు నగరం చేతికి వచ్చిన మాట వాస్తవం. కానీ అక్కడికి చేరాలంటే మహాలక్ష్మి వంతెన దాటాలి, ఫుట్‌పాత్ లేని చోట్ల బస్సులతో పోటీపడాలి, ఆపై సొరంగపు దారి వెతుక్కోవాలి. ఒడ్డు కట్టడానికి వేల కోట్లు దొరికాయి. ఒడ్డుకు నడిచే దారికి దొరకలేదు. పార్కింగ్ ఎన్ని కార్లకో లెక్క వేశారు, నాగ్‌పాడా నుంచి చంటిబిడ్డతో నడిచొచ్చే తల్లి ఎటు నుంచి రావాలో వేయలేదు.

అదే రోడ్డు దగ్గర వర్లీ కోలీవాడ కథ వేరు. వాళ్ల పడవలు క్లీవ్‌ల్యాండ్ బందర్ నుంచి సముద్రంలోకి వెళ్తాయి. ఆ దారిలో రోడ్డు వంతెన స్తంభాల మధ్య 60 మీటర్లు వదిలారు. ఆ సందులో గాలివాన వేళ పడవ రాయికి కొట్టుకుంటుందని కోలీలు చెప్పారు. ఇంజనీర్లు సరిపోతుందన్నారు. కోలీలు పడవలు అడ్డం పెట్టారు, పని ఆగింది. సముద్రం గురించి తమకు తెలిసింది పట్టు విడవకుండా చెప్పారు. చివరికి 2022 డిసెంబరులో ఒక స్తంభం తీసేసి 120 మీటర్ల సందు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. కోలీలు అడిగింది ఇంకా ఎక్కువ, దక్కింది ఇంత. ఆ పని మొదటి రోజే కోలీవాడ చావడిలో కూర్చుని అడిగి ఉంటే నెలల ఆలస్యం, మారిన నమూనా, పెరిగిన ఖర్చు, అన్నీ తప్పేవి. జనాన్ని అడిగితే పనులు ఆగిపోతాయి అనే అధికారులు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

గీత మీద ఉన్నది గీత మీదే ఉంటుందన్న భరోసా కూడా పెట్టుకోకండి. మన పద్మశాలీలు ఎంతమంది మిల్లుల్లో పనిచేశారో నేను చెప్పక్కర్లేదు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన సమ్మె మొదలైంది, చాలా మిల్లులు మళ్లీ లేవలేదు. 1991 నిబంధనల్లో మిల్లు నేలకు ఒక పంపకం రాశారు: ఒక వంతు ఖాళీ స్థలంగా నగరానికి, ఒక వంతు ఇళ్ల కోసం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు, ఒక వంతు యజమానికి. దాదాపు 600 ఎకరాలు. మంచి న్యాయమే. 2001లో నిబంధన సవరించారు. పంపకం మొత్తం నేలకు కాకుండా, అప్పటికే కట్టడం లేని నేలకు మాత్రమే అన్నారు. మిల్లు కప్పు ఉన్న నేలంతా లెక్కలోంచి జారిపోయింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఇప్పుడు లోయర్ పరేల్‌లో ఏమున్నాయో చూస్తున్నారు. చికాగోలో ఉద్యోగాలు చేసే మన పిల్లలు మిషిగన్ సరస్సు ఒడ్డున దిగిన ఫొటోలు పంపుతుంటారు కదా. ఆ ఒడ్డు పటం మీద 1836లోనే, ఇది జనం స్థలం, ఇక్కడ కట్టడాలు రాకూడదని రాసి పెట్టారు. ఆ రాత ఊరికే నిలవలేదు. మాంట్‌గొమరీ వార్డ్ అనే వ్యాపారి 1890 నుంచి రెండు దశాబ్దాలు కోర్టుల చుట్టూ తిరిగి నిలబెట్టాడు. రాత ఉంటే చాలదు, దాన్ని కాసేవాడు ఉండాలి. మిల్లు నేలకు అంత పట్టుగా కాసేవాళ్లు కరువయ్యారు.

ఇక తూర్పు. ఇదే మనకు అసలైన అవకాశం. 1873లో పోర్టు ట్రస్టు పుట్టింది. 1875లో ససూన్ డాక్, 1880లో ప్రిన్సెస్ డాక్, 1914లో అలెగ్జాండ్రా డాక్ వచ్చాయి. ఒక్కొక్క డాకుతో గోడ పెరిగింది. నగర ద్వీపంలో సుమారు ఎనిమిదో వంతు, 1,800 ఎకరాల దాకా, పోర్టు చేతిలో ఉంది. 1989లో అవతలి ఒడ్డున నావా శేవా రేవు మొదలయ్యాక సరుకు అటు మళ్లింది. ఇక్కడ ఎన్నో గోదాములు బోసిపోయాయి. 2014లో రాణీ జాధవ్ కమిటీ ఈ నేలను జనానికి తెరవడం గురించి నివేదిక ఇచ్చింది. 2018 చివర్లో పోర్టు 966 హెక్టార్ల ప్రాంతానికి తానే ప్రణాళికా సంస్థగా ముసాయిదా వేసింది. తోటలున్నాయి, నడకబాటలున్నాయి, వాటితోపాటు వ్యాపార కట్టడాలూ ఉన్నాయి.

ఇందులో నాకు నచ్చనిది ఒకటి సూటిగా చెబుతాను. నేల యజమాని, ప్రణాళిక వేసేవాడు, అభ్యంతరాలు వినేవాడు ఒక్కడే అయితే తీర్పు ఎలా ఉంటుంది? పైగా పోర్టు కేంద్ర ప్రభుత్వానిది, మనం ఓటు వేసే కార్పొరేటర్‌కు అక్కడ మాట లేదు. మనం కోరాల్సింది పెద్దదేం కాదు. మజ్‌గావ్, రే రోడ్డు, కాటన్ గ్రీన్ వైపు వెళ్లే మన రోడ్లు గోడ దగ్గర ఆగిపోకుండా నీటి దాకా సాగాలి. టికెట్ లేకుండా, గేటు లేకుండా, రాత్రి షిఫ్టు ముగించుకొచ్చినవాడు కూడా కూర్చునేలా. క్రూయిజ్ ఓడ దిగేవాడికి స్వాగత తోరణం కట్టండి, సంతోషం. ముందు పక్కింటివాడికి తలుపు తీయండి.

ఇక్కడే మనం ఇంకో జాగ్రత్త పడాలి. దారూఖానా చుట్టుపక్కల పోర్టు నేల మీద దశాబ్దాలుగా బస్తీలున్నాయి. ఓడలు విరిచే పనివాళ్లు, హమాలీలు. కేంద్రం నేల కాబట్టి రాష్ట్రం మురికివాడల పునరావాస పథకం వాళ్లకు వర్తించడం లేదు. వాళ్లను లేపేసి అక్కడ మీకు తోట వేస్తామని ఎవరైనా మనకు ఆశ చూపిస్తే వద్దనాలి. ఇలాంటిదే హైదరాబాద్‌లో ఇప్పుడే చూస్తున్నాం. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ఎంతమందిని మింగిందో మన తాతలు చెప్పేవారు. ఇప్పుడు మూసీ మురికికాలువ అయింది, బాగుపడాలి, కాదనేవాడెవడూ లేడు. కానీ 2024 సెప్టెంబరులో ఒడ్డునున్న ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ ఎక్స్ అని గుర్తులు వేశారు. ప్రణాళిక పూర్తి రూపం ఆ ఇంటివాళ్లు చూడకముందే గుర్తు పడింది. పొద్దున్న లేచి గోడ చూసుకుని, ఇదేం అక్షరమని పక్కింటివాళ్లను అడిగినవాళ్లు మన బంధువుల్లోనే ఉన్నారు. నది ఒడ్డు అందరిదీ అంటూ, ఒడ్డునున్నవాళ్లను మాత్రం తీసేస్తే అది ఎవరి ఒడ్డు?

చివరిగా మన ఇంటి సంగతి. కామాఠీపురా గల్లీలను కలిపి క్లస్టర్ పద్ధతిలో తిరిగి కట్టడానికి 2023లో ప్రభుత్వం మ్హాడాకు అనుమతి ఇచ్చింది. సుమారు 34 ఎకరాలు, ఎనిమిది వేల దాకా అద్దెదారులు, అర్హులకు 500 చదరపు అడుగుల ఇల్లు అంటున్నారు. వంద అడుగుల ఖోలీలో ముగ్గురు పిల్లల్ని పెంచి, గోడవారగా కూర్చుని బీడీలు చుట్టిన తల్లికి 500 అడుగులంటే చిన్న మాట కాదు. తలుపు మూసుకుంటే లోపల మరుగుదొడ్డి ఉండటం అంతకంటే పెద్ద మాట. కాబట్టి పునర్నిర్మాణం వద్దనేవాళ్లలో నేను లేను. కూలిపోయే కట్టడాల కింద బతకమనడానికి నాకేం హక్కుంది? అయితే కొన్ని సంగతులు ఇప్పుడే అడగాలి, పునాది పడ్డాక కాదు. ఈ 34 ఎకరాల్లో జనం జాగా ఎంత, అది నేల మీద ఉంటుందా, పార్కింగ్ కప్పు మీద ఉంటుందా? బతుకమ్మ ఆడే చోటు ఏది? బీడీలు చుట్టేవాళ్లు, ఇస్త్రీ బండివాళ్లు, టీ దుకాణాలవాళ్లు కొత్త పటంలో ఎక్కడ? ఈ గల్లీల్లోనే బతుకుతున్న వేశ్యావృత్తిలోని ఆడవాళ్లకు అద్దె రసీదులుండవు. లెక్కలో వాళ్లు లేరంటే మనం నోరు మెదుపుతామా, లేక పీడ పోయిందని ఊరుకుంటామా? ఇది మనకు ఇబ్బందిగా ఉండే ప్రశ్నే. అందుకే సభలో అడుగుతున్నాను.

అమ్మకానికి కట్టే టవర్ల పై అంతస్తుల నుంచి పడమటి సముద్రం, తూర్పు సముద్రం రెండూ కనిపిస్తాయి. ఆ చూపుకు చదరపు అడుగు లెక్కన ధర కడతారు. నేల మీద ఉండే మనకు చూపు వద్దు, దారి కావాలి. కామాఠీపురా పటంలోనే హాజీ అలీ దాకా ఒక నడకదారి, మజ్‌గావ్ దాకా ఒక నడకదారి గీయమని మ్హాడాను, కార్పొరేషన్‌ను, పోర్టును ముగ్గుర్నీ కలిపి అడగాలి. విడివిడిగా అడిగితే ఒకరి మీదకు ఒకరు తోసేస్తారు.

పని ఎలా మొదలుపెట్టాలో కూడా చెప్పి ముగిస్తాను. గల్లీకి ఇద్దరు, అందులో ఒకరు ఆడమనిషి, బైకల్లాలోని ‘ఇ’ వార్డు కార్యాలయానికి వెళ్లి ప్రణాళిక పటం నకలు అడగండి. కామాఠీపురా పటం కోసం మ్హాడా రిపేర్ బోర్డుకు అర్జీ ఇవ్వండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఫీజు పది రూపాయలు. పటం చేతికొచ్చాక ఆదివారం గల్లీలో పరిచి, అందరూ చూసి, ఎవరి మాట వాళ్లు రాయండి. మరాఠీ వచ్చినవాళ్లు మరాఠీలో, రానివాళ్లు తెలుగులో. ప్రతి కాగితం మీద రసీదు ముద్ర వేయించుకోండి. ముసాయిదా నోటీసు వెలువడిన రోజు నుంచి మనకున్న గడువు 30 రోజులే. ఆ నోటీసు ముందు ఎవరి కంట పడితే వాళ్లు ఆ రోజే మిగతా గల్లీలకు కబురు పెట్టండి.